ర్యామ్‌కూ జాతకం చూడాల్సిందే!

పాత కంప్యూటర్ నత్తనడక నడుస్తోందా? ర్యామ్ పెంచితే పరుగందుకుంటుందని ఎవరైనా చెప్పారా? నిజమే కావచ్చు. కానీ జేబులోంచి డబ్బు తీసే ముందు ఆ ర్యామ్‌కూ ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కూ పొంతన కుదురుతుందో లేదో చూసుకోవాలి. కుదరకపోతే డబ్బూ దండగే, ఒక్కోసారి కంప్యూటరూ దండగే!

ఆదివారం ఉదయం. ముందు గదిలో కంప్యూటర్ డబ్బాను పక్కకు పడుకోబెట్టారు. మూత తీసేశారు. నాన్న చేతిలో కొత్త ర్యామ్. రెండు వేళ్లతో పట్టుకుని స్లాట్‌లోకి నొక్కుతున్నారు. దిగడం లేదు. ఇంకాస్త బలం పెట్టబోయారు.

"ఆగు నాన్నా... విరిగిపోతుంది!" అంటూ డిగ్రీ చదివే అమ్మాయి గబుక్కున చెయ్యి పట్టుకుంది.

ఆ ఇంట్లో ఆ కంప్యూటర్ వయసు తక్కువేం కాదు. 2012లో, ఆ అమ్మాయి మూడో తరగతిలో ఉండగా కొన్నారు. ఇంటెల్ కోర్ ఐ3 రెండో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. అప్పట్లో వీధిలో అందరూ వచ్చి చూసి వెళ్లారు. తమ్ముడి పుట్టినరోజు ఫొటోలు, తాతయ్య షష్టిపూర్తి వీడియో, నాన్న లెక్కల ఫైళ్లు... అన్నీ అందులోనే. ఇప్పుడు మాత్రం బ్రౌజర్లో నాలుగు పేజీలు తెరిస్తే చాలు, గిరగిరా తిరిగే చక్రం తప్ప ఇంకేం కనిపించదు. అమ్మాయికి ఫైనలియర్ ప్రాజెక్టు. కొత్తది కొందామంటే ఈ ఏడాది తమ్ముడి ఇంటర్ ఫీజు ఉంది. "ర్యామ్ వేయిస్తే సరిపోతుందటలే" అని నాన్న బజారుకు వెళ్లారు.

దుకాణంలో ఆయన అడిగింది ఒక్కటే మాట. "బాబూ, ఎనిమిది జీబీ ర్యామ్ ఒకటి ఇవ్వు."

కుర్రాడు అడిగింది కూడా ఒక్కటే మాట. "డెస్క్‌టాప్‌కా, ల్యాప్‌టాప్‌కా సార్?"

డెస్క్‌టాప్ అన్నారు. అతను ఎక్కువగా అమ్ముడుపోయే డీడీఆర్4 ర్యామ్ చేతిలో పెట్టాడు. ఇంట్లో ఉన్నదేమో డీడీఆర్3 కంప్యూటర్. బిల్లు అడుగున చిన్న అక్షరాలతో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉండనే ఉంది.

తప్పు దుకాణదారుడిదా, నాన్నదా? ఇద్దరిదీ కాదు. ర్యామ్ అంటే 'ఎన్ని జీబీలు' అనే ఒక్క లెక్కే అనుకోవడం దగ్గరే తేడా వచ్చింది. పప్పులాగో ఉప్పులాగో ర్యామ్‌ను తూకం చెప్పి కొనలేం. చెప్పుల్లా సైజు చూడాలి, సంబంధంలా పొంతన చూడాలి.

అసలు రోగం ఏమిటి?

మందు కొనే ముందు రోగం తెలియాలి. కంప్యూటర్ నెమ్మదించిన ప్రతిసారీ కారణం ర్యామే కాదు.

వంటింటినే తీసుకోండి. సరుకులన్నీ ఉండే అలమర వేరు, వంటగట్టు వేరు. హార్డ్‌డిస్క్ అలమర అయితే ర్యామ్ వంటగట్టు. గట్టు మీద ఎంత చోటుంటే అన్ని గిన్నెలు ఒకేసారి పెట్టుకుని పని చేసుకోవచ్చు. చోటు చాలకపోతే ఒకటి లోపల పెట్టి ఇంకొకటి తీయాలి. కంప్యూటరూ అదే చేస్తుంది. ర్యామ్ నిండిపోతే కొంత సమాచారాన్ని హార్డ్‌డిస్క్‌లోకి తోసి, అవసరమైనప్పుడు మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. హార్డ్‌డిస్క్ ర్యామ్ కంటే ఎన్నో రెట్లు నెమ్మది. అందుకే ఆ ఎదురుచూపులు.

మరి చోటు చాలడం లేదని ఎలా తెలుస్తుంది? విండోస్ 10 లేదా 11 ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ తర్వాత మెమరీ మీద క్లిక్ చేయండి. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి అప్పుడు చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే లాభం లేదు. మెమరీ వాడకం ఎప్పుడూ 85, 90 శాతం దగ్గరే తచ్చాడుతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. సగం కూడా నిండకుండా, డిస్క్ మాత్రం వంద శాతం చూపిస్తుంటే రోగం హార్డ్‌డిస్క్‌లో ఉంది. అలాంటి చోట ర్యామ్ కంటే ఎస్ఎస్‌డీ వేయించడమే మేలు.

ఆ అమ్మాయి చూసేసరికి 4 జీబీలో మూడున్నరకు పైగా నిండి ఉంది. అంటే నాన్న చేసిన ఆలోచన సరైనదే. తెచ్చిన వస్తువే సరైనది కాదు.

అదే పేజీలో ఇంకో రెండు సంగతులు కూడా కనిపిస్తాయి. మొత్తం స్లాట్లు ఎన్ని, వాటిలో ఎన్ని నిండాయి అన్నది ఒకటి. ర్యామ్ ఎంత వేగంతో పని చేస్తోందన్నది రెండోది. వాళ్లింట్లో రెండింట్లో ఒకటే నిండి ఉంది. ఒక స్లాట్ ఖాళీ!

తరం కలవాలి

ర్యామ్‌లకు తరాలున్నాయి. ప్రపంచవ్యాప్తంగా మెమరీ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ పేరు జెడెక్. అది మొదటి డీడీఆర్ ప్రమాణాన్ని 2000లో ప్రకటించింది. ఆ తర్వాత 2003లో డీడీఆర్2, 2007లో డీడీఆర్3, 2012లో డీడీఆర్4, 2020లో డీడీఆర్5 ప్రమాణాలు వచ్చాయి. ప్రమాణం ప్రకటించిన రోజే బజార్లోకి రాదు. ఇళ్లల్లోకి చేరడానికి మరో రెండు మూడేళ్లు పడుతుంది. అందుకే 2012లో కొన్న కంప్యూటర్లో ఉన్నది డీడీఆర్3. డీడీఆర్4 ఇంటి కంప్యూటర్లలోకి మెల్లగా అడుగుపెట్టింది 2015 ప్రాంతంలో.

ఒక తరం ర్యామ్ ఇంకో తరం స్లాట్‌లో పనిచేయదు. కొత్తది పాతదానిలోనూ పనిచేయదు, పాతది కొత్తదానిలోనూ పనిచేయదు. ఎందుకంటే అన్నీ మారిపోతాయి. డెస్క్‌టాప్ డీడీఆర్3కి కింది అంచున 240 బంగారు రంగు పిన్నులుంటే డీడీఆర్4కి 288. కరెంటూ మారుతుంది. డీడీఆర్2కి 1.8 వోల్టులు, డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. పొరపాటున ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పెట్టి స్విచ్ వేస్తే ప్రమాదం కదా? అందుకే తయారీదారులు ఓ జాగ్రత్త తీసుకున్నారు. పిన్నుల వరుస మధ్యలో చిన్న గాడి కోస్తారు. ఒక్కో తరానికి ఆ గాడి ఒక్కో చోట ఉంటుంది. స్లాట్‌లో దానికి సరిపోయే చిన్న గట్టు ఉంటుంది. గాడీ గట్టూ కలిస్తేనే ర్యామ్ లోపలికి దిగుతుంది.

నాన్న ఎంత నొక్కినా దిగకపోవడానికి కారణం అదే. దిగడం లేదంటే 'ఇంకా గట్టిగా నొక్కు' అని కాదు, 'ఇది నాది కాదు' అని స్లాట్ చెబుతోందని అర్థం. అక్కడ మొండికేస్తే ర్యామ్ అంచు దెబ్బతింటుంది. అంతకంటే ఘోరం, మదర్‌బోర్డ్ మీది స్లాట్ పగులుతుంది. ర్యామ్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. అంత పాత మదర్‌బోర్డ్ పోతే మళ్లీ దొరకడం కష్టం.

వీళ్ల మాటలు వింటూ కూర్చున్న నానమ్మ, "పిల్లకి సంబంధం చూసినట్టు చూస్తున్నారే ఈ చిన్న ముక్కకి!" అని నవ్వింది.

నవ్వినా, ఆవిడ అన్నది నిజమే.

పొడుగూ పొట్టీ

తరం ఒకటే అయినంత మాత్రాన సరిపోదు. ఆకారమూ చూడాలి. డెస్క్‌టాప్ ర్యామ్ పొడవు సుమారు 13.3 సెంటీమీటర్లు. దీన్ని డిమ్ అంటారు. ల్యాప్‌టాప్ ర్యామ్ అందులో సగమే ఉంటుంది, సుమారు 6.8 సెంటీమీటర్లు. దీని పేరు సోడిమ్. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడానికి వీల్లేదు. డబ్బాలా కాకుండా అరచేతి మందాన ఉండే చిన్న డెస్క్‌టాప్‌లు, మానిటర్‌లోనే అన్నీ కలిసి ఉండే ఆల్ ఇన్ వన్ కంప్యూటర్లు కొన్నిటిలో ల్యాప్‌టాప్ ర్యామే ఉంటుంది. 'మాది డెస్క్‌టాప్' అని చెప్పి పెద్దది తెచ్చుకుంటే మళ్లీ తిరుగు ప్రయాణమే.

ల్యాప్‌టాప్ వాళ్లకు మరో రెండు హెచ్చరికలు. ఒకటి, పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు. ఊడదు, మార్చలేం. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో ఫామ్ ఫ్యాక్టర్ అన్నచోట సోడిమ్ అని ఉంటే సాధారణంగా మార్చుకోవచ్చు. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినదే. కొన్నిటిలో కొంత అతికించి, ఒక స్లాట్ ఖాళీగా వదులుతారు. రెండు, డీడీఆర్3లోనే 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ అనే రకం ఉంది. ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లతో, అంటే 2013 నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లకు ఈ 'ఎల్' రకమే కావాలి. మామూలు డీడీఆర్3 పెడితే స్లాట్‌లోకి చక్కగా దిగుతుంది. కానీ ల్యాప్‌టాప్ ఆన్ కాదు!

ఎంత బరువు మోయగలదు?

స్లాట్ ఖాళీగా ఉంది కదా అని ఎంత పెద్ద ర్యామ్ పడితే అంత పెట్టలేం. ప్రతి కంప్యూటర్‌కూ మోయగలిగినంత బరువు ఒకటుంటుంది. అది మదర్‌బోర్డ్ మీదా ప్రాసెసర్ మీదా కూడా ఆధారపడి ఉంటుంది. పూర్వం ర్యామ్‌తో మాట్లాడే కంట్రోలర్ మదర్‌బోర్డ్ చిప్‌సెట్‌లో ఉండేది. ఏఎండీ 2003లో, ఇంటెల్ 2008లో దాన్ని ప్రాసెసర్లోకే మార్చడం మొదలుపెట్టాయి. కాబట్టి ఇప్పుడు రెండింటి లెక్కా చూడాలి.

పాత ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే రెండు రకాల బోర్డులు చూద్దాం. కోర్ 2 డ్యుయో కాలంలో ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డులు బాగా అమ్ముడుపోయాయి. వాటి గరిష్ఠ పరిమితి 8 జీబీ. కొన్నిటికి డీడీఆర్2, కొన్నిటికి డీడీఆర్3. ఇక్కడో చిక్కుంది. ఇవి పాతకాలపు చిన్న చిప్‌లనే గుర్తుపడతాయి. 4 జీబీ ర్యామ్ ఒక్కటి పెట్టాలంటే దాని మీద రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉండాలి. ఒకవైపే 8 చిప్‌లున్న కొత్తరకం 4 జీబీ ర్యామ్ తెస్తే, తరమూ సరే, పొడవూ సరే, అయినా తెర నల్లగానే ఉండిపోతుంది.

ఆ తర్వాత 2011లో వచ్చిన హెచ్61 చిప్‌సెట్ బోర్డుల్లో రెండే స్లాట్లు, ఒక్కోదానిలో 8 జీబీ చొప్పున 16 జీబీ పరిమితి. మన కథలోని కంప్యూటర్ ఇదే రకం. ఇంటెల్ రెండు, మూడు, నాలుగో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లేవీ ఒక స్లాట్‌లో 8 జీబీకి మించిన మామూలు డీడీఆర్3 ర్యామ్‌ను తీసుకోవు. '16 జీబీ ఒకటే పెట్టేస్తే పోలా' అంటే కుదరదన్నమాట.

మదర్‌బోర్డ్ మోడల్ పేరు బోర్డు మీదే పెద్ద అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది. మూత తీయడం ఇష్టం లేకపోతే విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్నచోట కనిపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంకా వివరంగా చెబుతుంది. ఏ తరం, ఏ స్లాట్‌లో ఎంత, ఏ కంపెనీది అన్నీ చూపిస్తుంది. మోడల్ పేరు తెలిశాక ఆ బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో మాన్యువల్ వెతకండి. గరిష్ఠ పరిమితి ఎంతో, ఏ ర్యామ్‌లు పెట్టి పరీక్షించారో అందులో జాబితా ఉంటుంది. కింగ్‌స్టన్ లాంటి ర్యామ్ కంపెనీల వెబ్‌సైట్లలోనూ కంప్యూటర్ మోడల్ ఇస్తే సరిపోయే ర్యామ్ ఏదో చూపించే సదుపాయం ఉంది. బ్రాండెడ్ కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు ఉన్నవారికి ఇది బాగా పనికొస్తుంది.

లేబులే జాతకచక్రం

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తోందా? సులువైన దారి ఒకటుంది. ఉన్న ర్యామ్ మీది లేబుల్ చదవడం. అందులో సగం సమాధానాలు ఉంటాయి.

ఆ అమ్మాయి స్లాట్‌కు రెండు పక్కలా ఉన్న క్లిప్పులు నొక్కి పాత ర్యామ్ బయటికి తీసింది. దాని మీద '4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-10600యూ' అని ఇంగ్లిష్‌లో ఉంది. విడదీసి చదువుకుందాం.

4 జీబీ అంటే పరిమాణం. పీసీ3 అంటే డీడీఆర్3. పీసీ4 అని ఉంటే డీడీఆర్4. పీసీ3ఎల్ అని ఉంటే తక్కువ వోల్టేజీ రకం. 10600 అన్నది వేగం. సెకనుకు సుమారు పదివేల ఆరొందల మెగాబైట్లు పంపగలదని అర్థం. దాన్ని ఎనిమిదితో భాగిస్తే ఇంచుమించు 1333 వస్తుంది. బజార్లో 'డీడీఆర్3 1333' అనేది దీన్నే. అలాగే 12800 అంటే 1600. రెండు వేగాలు కలిపి పెట్టినా ఇబ్బంది సాధారణంగా ఉండదు. రెండూ నెమ్మదైనదాని వేగంతో నడుస్తాయి. ఎద్దుల జత లాంటిదే, ఒకటి నెమ్మదిస్తే రెండోదీ నెమ్మదించాల్సిందే. ఐ3 రెండో తరం ప్రాసెసర్ 1333ని మించి నడపదు కాబట్టి వీళ్లు 1600 కోసం ఎక్కువ డబ్బు పెట్టి ప్రయోజనం లేదు.

చివరి అక్షరాన్ని అసలు వదలకూడదు. 'యూ' అంటే మామూలు డెస్క్‌టాప్ రకం. 'ఎస్' అంటే ల్యాప్‌టాప్ రకం. 'ఆర్' అంటే సర్వర్లలో వాడే రిజిస్టర్డ్ రకం. పాత సర్వర్లు విప్పినప్పుడు ఈ 'ఆర్' ర్యామ్‌లు కుప్పలుగా, చౌకగా బజార్లోకి వస్తుంటాయి. చూడ్డానికి అచ్చం డెస్క్‌టాప్ ర్యామ్‌లాగే ఉంటాయి, డీడీఆర్3 స్లాట్‌లో బుద్ధిగా కూర్చుంటాయి కూడా. కానీ ఇంటి కంప్యూటర్లలో పనిచేయవు.

చౌక బేరంతో చిక్కు

ఇలాంటి బేరమే ఇంకొకటి ఉంది. 'ఏఎండీకి మాత్రమే' అంటూ తక్కువ ధరకు అమ్మే డీడీఆర్2, డీడీఆర్3 ర్యామ్‌లు. వీటిలో చిప్‌ల అమరిక వేరు. ఏఎండీ బోర్డులు కొన్ని వాటిని గుర్తుపడతాయి, ఇంటెల్ బోర్డులు గుర్తుపట్టవు. ఆ 'మాత్రమే' అనే మాట ఒక్కోసారి కనీకనిపించని అక్షరాలతో ఉంటుంది. లేబుల్ మీద ఎక్స్8 బదులు ఎక్స్4 అని ఉంటే ఇంటెల్ డెస్క్‌టాప్ వాళ్లు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ధర గురించి కూడా ఓ మాట. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ విపరీతంగా కావాల్సి రావడంతో తయారీదారులు అటు మొగ్గారు. క్రూషియల్ పేరుతో ఇళ్లకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు పనికిరాని ర్యామ్ ఒకటి కొని సొరుగులో పడేయడమంటే చిన్న నష్టం కాదు.

డీడీఆర్3 లాంటి పాత తరాలు చాలావరకు వాడినవే దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో అడగొచ్చు. వాడినది కొనడం తప్పేమీ కాదు. పెట్టి చూపించమనండి. పనిచేయకపోతే ఎన్ని రోజుల్లోపు మార్చి ఇస్తారో బిల్లు మీద రాయించుకోండి.

విండోస్ అడ్డుపడితే?

అన్నీ కుదిరాయి. 8 జీబీ పెట్టారు. తీరా చూస్తే కంప్యూటర్ '8 జీబీ, అందులో వాడదగినది 3.4' అంటోంది. ఏమైనట్టు? చాలా సందర్భాల్లో అది 32 బిట్ విండోస్. ఇంట్లో వాడే 32 బిట్ విండోస్ 4 జీబీకి మించి లెక్కపెట్టలేదు. అందులోనూ కొంత ఇతర భాగాలకు పోతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆ తర్వాత అబౌట్ అన్నచోట సిస్టమ్ టైప్ చూస్తే 32 బిట్టో 64 బిట్టో తెలుస్తుంది. ఇది ర్యామ్ కొనక ముందే చూడాలి. 32 నుంచి 64కి మారాలంటే విండోస్‌ను మొదటి నుంచీ వేయాలి. అలా వేస్తే డిస్క్‌లోని ఫొటోలు, ఫైళ్లు పోయే ప్రమాదం ఉంది. ముందే వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాకే ఆ పనికి దిగాలి.

ఇంకోటి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామంది. 2012 నాటి ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు, ర్యామ్ ఎంత పెంచినా రాదు. అలాంటి కంప్యూటర్లో లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టమ్ వేసుకునే దారి ఉంది. కాబట్టి ఇంకెన్నాళ్లు, దేనికి వాడతామో ఆలోచించి మరీ ఖర్చు పెట్టాలి. ఒక్కోసారి అన్నీ చూశాక 'కొనకపోవడమే మేలు' అని తేలుతుంది. అదీ లాభమే.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైంది?

అమ్మాయి లేబుల్‌ను, మదర్‌బోర్డ్ పేరును ఫోన్‌లో ఫొటో తీసుకుంది. సాయంత్రం తండ్రీకూతుళ్లిద్దరూ దుకాణానికి వెళ్లారు. కుర్రాడు ర్యామ్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పిన్నుల మీద గీతలు పడలేదు కాబట్టి సరే సార్. ఇంకొంచెం నొక్కి ఉంటే నేనూ తీసుకునేవాణ్ని కాదు" అన్నాడు.

ఎనిమిది జీబీ అక్కర్లేదనీ, ఉన్నదానికి జోడీగా 4 జీబీ డీడీఆర్3 ఇంకొకటి చాలనీ అమ్మాయి చెప్పింది. రెండూ కలిస్తే 8. ఒకే పరిమాణమున్నవి రెండు పెడితే డ్యుయల్ చానల్ పద్ధతిలో పనిచేసి కాస్త చురుకుదనమూ వస్తుంది. ఫొటో చూపించగానే అతను సరిగ్గా అదే రకం వెతికి ఇచ్చాడు. మొదట ఇచ్చిన డబ్బులో కొంత వెనక్కి కూడా వచ్చింది.

ఇంటికొచ్చాక బిగించే పని అమ్మాయిదే. స్విచ్ కట్టేసి, ప్లగ్ పీకేసింది. పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చింది. డబ్బా ఇనుప భాగాన్ని తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకుంది. ర్యామ్‌ను అంచులతోనే పట్టుకుని, గాడిని గట్టుకు ఎదురుగా పెట్టి రెండు చివర్లా సమంగా నొక్కింది. టక్ మంటూ క్లిప్పులు వాటంతటవే మూసుకున్నాయి.

స్విచ్ వేస్తే... బీప్, బీప్, బీప్! తెర నల్లగా ఉంది. నాన్న ముఖం వాడిపోయింది.

కంగారు పడాల్సిన పని లేదు. ర్యామ్ సరిగా కూర్చోకపోయినా, పిన్నుల మీద దుమ్ము పేరుకున్నా ఇలాగే అరుస్తుంది. మళ్లీ ప్లగ్ పీకి, పాత ర్యామ్ పిన్నులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు రాలకుండా శుభ్రం చేసి పెట్టింది. ఈసారి తెర వెలిగింది. 8 జీబీ! రాత్రి పడుకునే ముందు విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ పెట్టి వదిలేసింది. ర్యామ్‌లో లోపమేదైనా ఉంటే అది చాలావరకు పట్టేస్తుంది. తెల్లారి చూస్తే లోపాలేమీ లేవు.

కంప్యూటర్ కొత్తదేమీ అయిపోలేదు. కానీ ప్రాజెక్టు ఫైలు, బ్రౌజర్ రెండూ కలిసి తెరిచినా చక్రం తిరగడం ఆగింది. నాన్న ముందుగా ఫొటోలన్నీ మరో డిస్క్‌లోకి కాపీ చేయించారు. ఆ పని జరుగుతుండగా నానమ్మ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ తాతయ్య షష్టిపూర్తిది పెట్టవే, చూసి ఎన్నేళ్లయిందో" అంది.

దుకాణానికి వెళ్లే ముందు...

* రోజువారీ పనులు తెరిచి ఉంచి టాస్క్ మేనేజర్లో మెమరీ, డిస్క్ రెండూ చూడండి. కొరత ఎక్కడుందో తేల్చుకోండి.
* స్లాట్లు ఎన్ని, ఖాళీ ఎన్ని, ర్యామ్ ఊడేదా అతికించినదా చూడండి.
* ఉన్న ర్యామ్ లేబుల్‌ను ఫొటో తీసుకోండి. తరం, వేగం, చివరి అక్షరం అందులోనే ఉంటాయి.
* మదర్‌బోర్డ్ లేదా ల్యాప్‌టాప్ మోడల్ పేరు రాసుకుని గరిష్ఠ పరిమితి ఎంతో మాన్యువల్‌లో చూడండి.
* విండోస్ 32 బిట్టా, 64 బిట్టా తెలుసుకోండి.
* 'ఏఎండీకి మాత్రమే', 'రిజిస్టర్డ్' అన్న మాటలు ఉన్నాయేమో వెతకండి.
* మార్చి ఇచ్చే గడువును బిల్లు మీద రాయించుకోండి.
* దిగకపోతే నొక్కకండి. ఆగి గాడి చూడండి.